రేగుచెట్టు దిక్కు మన్ను

గనుల కాలనీ, మంచిర్యాల దగ్గర
21 జనవరి 1962

చెల్లె యాదవ్వకు, బావ రాయమల్లుకు, పిల్లలిద్దరికీ కైలాసం ఆశీస్సులు.

మేం ఇక్కడ తిని తిరుగుతున్నాం. మీ వదిన కనకవ్వకు మోకాళ్ల నొప్పి. అది తప్ప వేరే ఫికర్ లేదు. ఉత్తరం రాయలేదని నా మీద అలిగావట. అలిగితే అలుగు గాని, ముందు ఇది మొత్తం చదువు.

నేనిప్పుడు గనుల క్లబ్బు తోటకు మేస్త్రీని. నా కింద నలుగురు మాలీలున్నారు. కొత్తగా వచ్చిన మేనేజరు దొరకు లాన్ కావాలి. లాన్ అంటే పూలూ కాయలూ లేని ఉత్త గడ్డి. పశువులు మేయడానికి కాదు, చూడటానికి. నువ్వు పడీ పడీ నవ్వుతావని నాకు తెలుసు. కానీ ఆ గడ్డే ఇప్పుడు నా మెడ మీద కూర్చుంది.

క్లబ్బు ముందున్న జాగాలో ఒకప్పుడు పెద్ద గుంత ఉండేదట. గనిలోంచి తీసిన నల్లరాతి పొడితో దాన్ని పూడ్చారు. అక్కడ నీళ్లు నిలిస్తే తుప్పు రంగు తేలుతుంది. గడ్డి నాటితే నాలుగు రోజులు పచ్చగా ఉండి ఆ తర్వాత పసుపెక్కి చస్తుంది. దాని చోట పాచి పడుతుంది. పెంట వేశాను, నీళ్లు తోడించాను, మొక్కని దేవుడు లేడు. చివరికి వ్యవసాయ ఆఫీసరు ఒకాయన వచ్చి తడి మన్నులో నీలి కాగితం పెట్టాడు. అది ఎర్రబడింది. "మేస్త్రీ, నీ మన్ను పుల్లగా ఉంది" అన్నాడు. మన్నుకు పులుపేమిటి అని రవ్వంత నాలుక మీద వేసుకున్నాను. నిజమే చెల్లె, చింతాకు నమిలినట్టే ఉంది.

సున్నం వేస్తే పులుపు విరుగుతుందన్నాడు. నా తొందర నీకు తెలుసు కదా. బట్టీ నుంచి వచ్చిన రాయిని దంచి ఆ సాయంత్రమే చల్లించాను. నీళ్లు పడగానే పొగలు లేచాయి. ఉన్న నాలుగు పోచలూ మాడిపోయాయి. దొర ఇంగ్లీషులో తిట్టాడు. నాకు ఇంగ్లీషు రాకున్నా తిట్టు మాత్రం అర్థమైంది.

అప్పుడు మన ఊరి పాటిగడ్డ యాదికొచ్చింది. "మా ఊరి పక్కన ఎప్పుడో పాడుబడ్డ ఊరి దిబ్బ ఉంది సార్. అందులో బూడిద, ఎముకలు, గవ్వలు, పాత సున్నం కలిసి ఉంటాయి. ఏటా వానలకు ముందు ఇంటికొక బండి తోలుకుని చేన్లలో చల్లుకుంటాం" అని ఆఫీసరుకు చెప్పాను. ఆయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అది సున్నంలా కాల్చదు, మెల్లగా పులుపు విరుస్తుంది, తెప్పించు" అన్నాడు.

నాకొక పని చేసిపెట్టు. పాటిగడ్డ నాలుగు దిక్కులా చిటికెడు మన్ను తీసి, దాని మీద నిమ్మకాయ పిండి చూడు. ఏ దిక్కుది ఎక్కువ పొంగితే అందులో సున్నం ఎక్కువ. చూసి రాయి. నాకు ఒక బండి మన్ను చాలు. దసరాకల్లా లాన్ పచ్చబడితే పర్మనెంటు చేస్తానని దొర మాటిచ్చాడు. లేకుంటే ఇంటికి పొమ్మన్నాడు. నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

నీ అన్న
కైలాసం

*

తుమ్మలకుంట
4 ఫిబ్రవరి 1962

అన్నకు చెల్లె యాదవ్వ దండం పెట్టి రాసేది.

నీ ఉత్తరం చదువుతుంటే కచేరీ నోటీసు చదివినట్టున్నది. బెజవాడ దిక్కు సార్ల తోటి తిరిగి తిరిగి నీ మాట సుత మారింది. "నాకు తెలుసు, నీకు తెలుసు కదా" అనుకుంట రాస్తున్నవ్. నేనైతే మాట్లాడినట్టే రాస్త. పళ్లెంల పాటి మన్ను పోసి, నా వేలు పట్టి అక్షరాలు దిద్దించింది నువ్వే. తప్పులుంటె నీయే.

గడ్డి కోసం గింత పరేషానా! మీ దొరకు ఒక బర్రెను తోలియ్యాల్నా? ఆయన ఇంగ్లీషుల తిడితే నువ్వు తెలుగుల తిట్టకపోయినవా, అర్థం కాకపోతుండె.

నువ్వు చెప్పినట్టే చేసిన. మీ బావ నిమ్మకాయలు దండుగ అన్నడు గని నేను ఇనలే. పడమటి దిక్కుది జర పొంగింది. ఉత్తరం దిక్కుది, దక్షిణం దిక్కుది గట్లనే, అంతంత మాత్రం. తూర్పున రేగుచెట్టు కిందిది మాత్రం ముట్టద్దనుకున్న. గాడ ఎవరున్నరో నీకు నేను చెప్పాల్నా అన్నా? నా తొలుసూరు పిలగాణ్ణి నువ్వే కద తువ్వాలల సుట్టుకొని ఎత్తుకపోయినవ్. పురిట్ల పోయిన పిల్లల్ని మేనమామనే మట్టిల పెట్టాలె, తల్లి ఎంట రావద్దన్నరు ముసలోళ్లు. నేను కడప కాడ కూసొని నీ ఈపు కనబడేదాంక చూసిన. పేరన్న పెట్టలే వానికి. నువ్వు తిరిగొచ్చి "రేగుచెట్టు కింద పండుకోబెట్టిన చెల్లె, పైలంగ ఉన్నడు" అన్నవ్. గా మాట పట్టుకొనే గీ తొమ్మిదేండ్లు బతికిన. ఏ పక్కకు పెట్టినవో నీకే ఎరుక. నేను ఏటా పెద్దల అమాస, పెత్రమాసకు, చెట్టు సుట్టూత పాలు పోస్త.

గని నువ్వు నాలుగు దిక్కులన్నవని అక్కడిది సుత చిటికెడు తీసిన. తెల్లగ, మెత్తగ ఉన్నది. నిమ్మరసం పడంగనే బుసబుస పొంగింది, అన్నిటికన్న ఎక్కువ. పాలు తాగినంక పసిపిల్లలు నోటికాడ బుగ్గలు తీస్తరు చూడు, గట్ల. ఆ చిటికెడు మళ్ల ఆడనే పోసి మొక్కి వచ్చిన.

ఒక్క బండెందుకు, నీకు ఎంత కావాల్నో గంత తీస్కపో. నీది కాదా ఆ మన్ను? ఇంటికి ఒక్క బండే అన్న కట్టుబాటు గురించి పటేలు గంగయ్య తోటి నేను మాట్లాడుత. పడమటి దిక్కు తవ్వుకో. రేగుచెట్టు దిక్కు మాత్రం గడ్డపార తగలనియ్యకు. నేనడిగేది గిదొక్కటే.

వదినెకు వావిలాకు నీళ్లు కాగబెట్టి మోకాళ్ల మీద పొయ్యమను.

చెల్లె
యాదవ్వ

*

గనుల కాలనీ
25 ఫిబ్రవరి 1962

చెల్లె యాదవ్వకు,

నీ ఉత్తరం అందింది. వదిన రెండుసార్లు చదివించుకుంది. బర్రె మాటకు ఇప్పటికీ నవ్వుతోంది.

నిమ్మకాయ సంగతి ఆఫీసరుకు చెప్పాను. చాలా సంతోషించాడు. అయితే ఒక చిక్కు వచ్చింది. ఈ జాగా అర ఎకరం ఉంది. పైన జానెడు మందం కలపకపోతే లాభం లేదు, బండ్లతో అయ్యే పని కాదు, లారీ కావాలి అన్నాడు. లారీ క్లబ్బు వారే ఇస్తారు. పటేలుకు నేనే రాశాను. ఎంత కావాలంటే అంత తీసుకోమని నువ్వు ఒప్పుకున్నావని కూడా రాశాను. ఇక నువ్వు ఆయన వాకిట్లో నిలబడాల్సిన పని లేదు.

రేగుచెట్టు జోలికి ఎవరూ పోరు. ఇది నా మాట. నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ అన్న
కైలాసం

*

తుమ్మలకుంట
18 మార్చి 1962

అన్నకు చెల్లె దండాలు.

నువ్వు మాట ఇచ్చినవ్, నేను నమ్మిన. అయినా మనసున పడతలేదు. లారీ అంటే ఎన్ని బండ్లు అన్నా? నేను బండ్ల లెక్కనే అనుకొని రాసిన. పటేలు ఇంటికొచ్చి "నీ అన్న రాసిండు, నువ్వు ఒప్పుకున్నవట కదనే యాదవ్వా, ఊరు మన్ను నీ అయ్య జాగీరా?" అని నలుగురి ముంగట అన్నడు. ఒప్పుకున్న అని చెప్పిన. ఏమంట మరి? నా అన్నను నేనే అబద్ధాలోణ్ణి చెయ్యాల్నా?

నువ్వు సుత లారీ ఎంబడి రా. తవ్వే కూలోళ్లకేం ఎరుక. చెట్టు కాడ నిలబడి గీత గీసి, గీ గీత దాటద్దని చెప్పు. ఒక్కపూట చాలు. రొట్టెలు చేసి పెడుత, నువ్వుల తొక్కు నూరిన.

ఉగాది వెళ్లినంక నిర్మల్‌ల మా ఆడిబిడ్డ కొడుకు లగ్గమున్నది. లారీ ఎప్పుడొస్తదో చెప్పకపోతివి. చెప్తే లగ్గానికి నేను పోను, మీ బావనొక్కణ్ణే తోలుత.

చెల్లె
యాదవ్వ

*

గనుల కాలనీ
2 ఏప్రిల్ 1962

చెల్లె యాదవ్వకు,

సెలవు దొరకలేదు. దొర మహా కోపంగా ఉన్నాడు. నేను రావడం కుదరదు. హనుమండ్లు అని లారీ మీద మనిషి, నా మనిషే, నమ్మదగినవాడు. అతనికి అన్నీ విడమర్చి చెప్పి పంపుతాను. ఎక్కడ తీయాలో, ఎక్కడ తీయకూడదో అన్నీ.

లారీ ఏ రోజున వస్తుందో నాకే తెలియదు. దాని కోసం నువ్వు లగ్గం మానుకోవద్దు. ఆడబిడ్డ మాట పడాల్సి వస్తుంది. హాయిగా నిర్మల్ వెళ్లి రా. పిల్లలకు అక్కడి కొయ్యబొమ్మలు కొనిపెట్టు. నీ మనసు కూడా కొంచెం తేలికవుతుంది.

నీ అన్న
కైలాసం

*

గనుల కాలనీ
10 ఆగస్టు 1962

చెల్లె యాదవ్వకు,

నాలుగు నెలలైంది, నీ దగ్గర నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. వానలకు చేను పనుల్లో పడ్డావనుకున్నాను. వదిన మాత్రం "నా తోటి ఏమన్న తప్పు జరిగిందా, అడుగుండ్రి" అని సతాయిస్తోంది. పిల్లలకు జ్వరాలేమీ లేవు కదా?

ఇక్కడి సంగతి వింటే నీ కడుపు చల్లబడుతుంది. మన పాటి మన్ను గెలిచింది! తొలి వానలకే పాచి పోయింది. కలిపిన మన్ను నెల రోజులు మగ్గనిచ్చి గడ్డి నాటించాను. ఇప్పుడు చూస్తే ఎవరో పచ్చ జంపఖానా పరిచినట్టుంది. మొన్న ఆఫీసరు వచ్చి నీలి కాగితం పెట్టాడు. అది నీలంగానే ఉండిపోయింది. దొర నా భుజం తట్టాడు. పర్మనెంటు కాగితం చేతికొచ్చింది చెల్లె. ఇక నన్ను ఎవరూ పొమ్మనలేరు.

మధ్యలో ఒకచోట, ఇద్దరు పడుకునేంత జాగాలో, గడ్డి మరీ ఒత్తుగా ఎదిగింది. దొరసాని కుర్చీ అక్కడే వేయించుకుంటుంది. అదంతా నీ చలవే. నువ్వు నిమ్మకాయ పిండి చూడకపోతే నాకెలా తెలిసేది?

పెత్రమాస రోజునే పెద్ద దొరలు చూడటానికి వస్తున్నారు. పని ఊపిరాడకుండా ఉంది. వెంటనే జవాబు రాయి.

నీ అన్న
కైలాసం

*

తుమ్మలకుంట
26 ఆగస్టు 1962

కైలాసమన్నకు,

నేను ఉత్తరం ఎందుకు రాయలేదో చెప్త, విను.

లగ్గం నుంచి తిరిగొచ్చి బస్సు దిగి సీదా పాటిగడ్డకే పోయిన. రేగుచెట్టు లేదు. వేర్లతో సహా పక్కకు పడి ఎండిపోయింది. ఆ దిక్కంత బొంద. నేను ఆ బొందల దిగి చేతులతోటి వెతికిన. ఏం వెతికిన్నో నాకే తెల్వదు. మీ బావ వచ్చి రెక్క పట్టుకొని గుంజుకపోయిండు.

అయినా నీ మీద ఇంత సుత అనుమానం రాలే. తప్పు కూలోళ్లది అనుకున్న. చీకట్ల తవ్విన్రో, తాగి తవ్విన్రో అనుకున్న. గీ సంగతి నీకు తెలిస్తే నీ గుండె పలుగుతదనుకున్న. నువ్వు ఎత్తుకపోయి పండుకోబెట్టిన పిలగాడు కద. అందుకే రాయలే. రాస్తే ఏడ్సుకుంట రాయాలె, నువ్వు చదువుకుంట ఏడుస్తవని ఆగిన. నీకు నొప్పి కావద్దని నాలుగు నెలలు నేను నోరు మూసుకున్న.

గీ ఏడు ఊళ్లె ఎవ్వలకు బండి మన్ను దొరకలే. వానకు బొంద నిండింది. "నీ అన్నకు పెట్టినవ్, మా నోట్లె మన్ను కొట్టినవ్" అని ఆడోళ్లు బాయి కాడ నా బొక్కెన పక్కకు జరుపుతున్నరు. దానికి సుత నేను ఎదురు చెప్పలే.

మొన్న పెద్దపల్లి అంగట్ల హనుమండ్లు కలిసిండు. మంచోడే. ఎవరో నన్ను తుమ్మలకుంట యాదవ్వ అని పిలిస్తె ఇని దగ్గరికొచ్చి, తన పేరు చెప్పి, "మీ అన్న మంచిగున్నడక్కా, పర్మనెంటు అయిండు" అన్నడు. నేను ఊకుండలేక "రేగుచెట్టును ఎందుకు పీకిన్రు తమ్మీ?" అని అడిగిన. వాడు బిత్తరపోయి ఏమన్నడో తెలుసా? "మీ అన్ననే చెప్పిండక్కా. రేగుచెట్టు కింది మన్ను అన్నిట్ల బలమైందట, ముందుగాల గదే తియ్యిండ్రి, గది అయిపోయినంకనే వేరే దిక్కు పోండ్రి అన్నడు. మా చెల్లె లగ్గానికి పోతది, గప్పుడే పోండ్రి అని సుత అన్నడు."

కొన్న సామాన్లు అంగట్లనే ఇడిసి ఇంటికొచ్చిన.

హనుమండ్లు అబద్ధమాడిండని ఒక్క మాట రాయి. నేను నమ్ముత. వాణ్ణి నడి అంగట్ల నిలబెట్టి కడుగుత. చెప్పినవా, చెప్పలేదా? అన్నా, ఒక్క ముక్క రాయి చాలు.

యాదవ్వ

*

గనుల కాలనీ
9 సెప్టెంబరు 1962

చెల్లెలు యాదవ్వకు,

నీ ఉత్తరం చేరింది. నీవు ఆవేశంలో ఉన్నావు. కొంచెం నిదానంగా ఆలోచించు.

ఆ దిక్కు మన్ను అన్నిటికన్నా ఎక్కువ పొంగిందని రాసింది నీవే. ఎంత కావాలంటే అంత తీసుకోమన్నదీ నీవే. తక్కిన మూడు దిక్కుల మన్ను పది లారీలు తోలినా ఈ నేల పులుపు విరగదని ఆఫీసరు చెప్పాడు. లారీ ఇస్తామన్నది రెండు రోజులకే. దొర ఒకవైపు, నీవు ఒకవైపు. ఈ వయసులో ఉద్యోగం పోతే నేనూ వదినా ఎక్కడికి పోవాలి? నీ ఇంటికా?

తొమ్మిదేళ్లు గడిచాయి. మన్ను మన్నులో కలిసిపోతుంది. అది లోకరీతి. అక్కడ ఇప్పుడు చూడటానికి కూడా ఏమీ ఉండదు. దేవుడు నీకు ఇద్దరు ఆడపిల్లలను ఇచ్చాడు, వారిని చూసుకుని మరిచిపోవాలి. నిన్ను లగ్గానికి వెళ్లమన్నది నీ మంచి కోసమే. నీవు ఇక్కడే ఉంటే చూసి తట్టుకోలేకపోయేదానివి.

ఒకసారి వచ్చి లాన్ చూడు. ఎంత చల్లగా, ఎంత అందంగా ఉందో చూస్తే నీ మనసు కుదుటపడుతుంది. గేటు దగ్గర నా పేరు చెప్పు. కైలాసం మేస్త్రీ చెల్లెలు అంటే ఎవరూ ఆపరు.

కైలాసం

*

తుమ్మలకుంట
2 అక్టోబరు 1962

కైలాసం మేస్త్రీకి యాదవ్వ రాసేది.

నువ్వు రమ్మన్నవని వచ్చిన. పెత్రమాస నాడు పొద్దుగాల ముంతల పాలు పోసుకొని, దాని మూతికి బట్ట కట్టి, పెద్దపల్లిల రైలెక్కిన. మీ బావ వద్దన్నడు. ఆడపిల్లలు తంగేడు పువ్వు తెచ్చి బతుకమ్మ పేర్వు అన్నరు. "మాపటికి వస్త బిడ్డా" అని చెప్పి వచ్చిన.

గేటు కాడ నీ పేరు చెప్పిన. నిజమే, ఎవరూ ఆపలే.

నువ్వు చెప్పినట్టే ఉన్నది. గసుంటి పచ్చదనం నేను మన వరి మడుల సుత చూడలే. సుట్టూత తీగె కట్టినవ్. లోపల కుర్చీలు, దొరలు, దొరసానులు. ఒక దొర పిల్లగాడు చెప్పులు ఇడిసి గడ్డి మీద దొర్లుతున్నడు, తల్లి చూసి నవ్వుతున్నది. నేను ఆ పిల్లగాణ్ణి చూసుకుంట చానసేపు నిలబడ్డ. నా కొడుకు వానికన్న జర పెద్దోడై ఉంటుండె.

ఒత్తుగ పెరిగింది అన్నవే, అది నువ్వు చెప్పకముందే పోల్చుకున్న. ఎవరికీ అడ్డం కాకుండ ఇన్ని పాలు పోసి పోదామని తీగె కిందికెళ్లి వంగిన. ఒక్క కాలు లోపల పెట్టిన. అంతే. "ఏయ్! ఎవలది? గడ్డి మీద కాలు పెడితే కాళ్లిరుగుతయ్!" అన్నవ్. ఆ గొంతు ఎవరిదో నాకు తెల్వదా? తలెత్తిన. నువ్వు కట్టె పట్టుకొని ఉరికొస్తున్నవ్. తెల్ల అంగీ వేసుకున్నవ్. అన్న మంచిగున్నడు అనే అనుకున్న, గంత సిగ్గులేనిది నా పానం.

నువ్వు నన్ను చూసినవ్. పోల్చినవ్. నా చేతుల ముంత చూసినవ్. అది ఏం ముంతో, ఆ రోజు ఏం రోజో నీకు తెలుసు. నిలబడ్డవ్. ఇగ చెల్లె అంటవనుకున్న.

గప్పుడు ఎనుకకెళ్లి మీ దొర అడిగిండు, ఎవరామె అని. నువ్వు దొర దిక్కు తిరిగి "కోయీ ఘాస్‌వాలీ హై సాబ్" అన్నవ్. మనకు గంత ఉర్దూ నైజాం బళ్లెనే నేర్పిన్రు కద, ఎట్ల మరిచిపోయినవ్? గడ్డి కోసుకునేదాన్నట నేను. అటెంక నా దిక్కు తిరిగి, నా మొఖం దిక్కు చూడకుంట, "పో, పో" అన్నవ్.

కాలు తీసుకున్న. గడ్డి నలిగిందేమోనని వంగి సరి చేసిన సుత. ఎందుకు చేసిన్నో తెల్వదు.

రైల్వే స్టేషన్‌ల బండి వచ్చేదాంక కూసున్న. నువ్వు ఉరికొస్తవని చూసిన. వదినెనన్న తోలుతవని చూసిన. పాలు తొవ్వలనే విరిగినయి, ఇంటికొచ్చినంక చెట్లల్ల పారబోసిన. ఆడపిల్లలు నా కోసం పువ్వులు పెట్టుకొని కూసున్నరు.

పాటి మన్ను పోయినందుకు ఊరు తిడితే పడ్డ. చెట్టు పోయింది, పడ్డ. కొలువు కోసం చేసినవ్, ఆకలి ఎవరినైనా చేపిస్తదని రైల్ల వచ్చేటప్పుడు నాకు నేనే చెప్పుకున్న. నీ కాళ్ల మీద పడి ఏడ్సి, నువ్వు ఏడిస్తే కండ్లు తుడిసి రావాలనే వచ్చిన. నువ్వు నన్ను ఎవరో అన్నవ్.

ఇగ నేను రాను. ఉత్తరం సుత రాయను. నువ్వు రాయకు. వదినె మోకాళ్లకు ఆకు పంపిన, ఆమెకు ఇయ్యి. ఆమె ఏం చెయ్యలే.

ఒక్క పని మాత్రం నీది. వచ్చే పెత్రమాస నుంచి పాలు నువ్వే పొయ్యాలె. ఒత్తుగున్న కాడ, దొరసాని కుర్చీ జరుపుమని, అందరు చూస్తుండంగ పొయ్యాలె. ఎవరికి అని మీ దొర అడుగుతడు, చెప్పు. నువ్వు మేనమామవు, వాణ్ణి ఎత్తుకపోయిన చేతులు నీయే. నేను తల్లిని. గప్పుడు సుత నన్ను రావద్దన్నరు.

యాదవ్వ